స్లొవేకియాకి ఛాంపియన్స్ లీగ్‌లో వచ్చిన ఆ ఆరు పాయింట్లు, అవి తెచ్చిన క్లబ్ ఏమైపోయింది

యూరప్‌లో మేటి ఫుట్‌బాల్ క్లబ్‌లు ఆడే ఛాంపియన్స్ లీగ్‌లో క్వాలిఫయింగ్ రౌండ్లన్నీ దాటి అసలు టోర్నీ దాకా వెళ్ళిన స్లొవేకియా క్లబ్‌లు ఇప్పటిదాకా నాలుగే. 1997లో కొషిత్సె, 2005లో ఆర్ట్‌మీడియా, 2010లో జిలినా, 2024లో స్లొవాన్ బ్రాటిస్లావా. కొషిత్సె ఆరు మ్యాచ్‌లు ఆడి ఆరూ ఓడింది, జిలినా కూడా ఆరుకి ఆరు, స్లొవాన్ అయితే ఎనిమిదికి ఎనిమిది. మొత్తం 20 మ్యాచ్‌లు, సున్నా పాయింట్లు. మిగిలిన ఆ ఒక్క ఆర్ట్‌మీడియా మాత్రం ఆరు మ్యాచ్‌ల్లో 6 పాయింట్లు తెచ్చుకుంది, అదీ గ్రూప్‌లో పోర్చుగల్ క్లబ్ పోర్టోని కిందకి నెట్టి. అంటే ఒక దేశం మొత్తం ఆ టోర్నీలో సంపాదించిన పాయింట్లన్నీ ఒకే క్లబ్‌వి, ఆ క్లబ్ ఏమో ఇప్పుడు సొంత దేశంలోనే రెండో లీగులో ఆడుతోంది, ఆ పాత పేరు కూడా లేదు దానికి.

ఇదెలా జరిగిందో అర్థం కావాలంటే ముందు ఊరి గురించి కొంచెం తెలియాలి. స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావా డాన్యూబ్ నది మీద ఉంటుంది. పాత ఊరు, కోట, ప్రభుత్వ ఆఫీసులు అన్నీ ఎడమ గట్టున. కుడి గట్టున ఉన్నది పెటర్జల్కా, దాని వెనకాలే ఆస్ట్రియా బోర్డర్. ఒకప్పుడు అది పల్లెటూరు లాంటిది, 1938లో నాజీ జర్మనీ దాన్ని లాగేసుకుంది, అంటే అప్పట్లో బ్రాటిస్లావా వాళ్ళు నది ఒడ్డున నిలబడి చూస్తే అవతల గట్టు వేరే దేశం. యుద్ధం అయ్యాక 1945లో వెనక్కి వచ్చింది. 1970ల్లో కమ్యూనిస్టు ప్రభుత్వం పాత ఇళ్ళు చాలావరకు కూల్చేసి కాంక్రీట్ పలకలతో ఒకే అచ్చులో పోసినట్టుండే అపార్ట్‌మెంట్లు వరసగా కట్టుకుంటూ పోయింది, వాటిని అక్కడ పనెలాక్ అంటారు. ఇప్పుడు అక్కడ లక్ష మందికి పైనే ఉంటారు. పగలంతా ఎడమ గట్టున పని, రాత్రి కుడి గట్టున నిద్ర, చాలా ఏళ్ళు దాని బతుకు అదే.

ఫుట్‌బాల్ కూడా అలాగే పంచుకుపోయింది. ఎడమ గట్టున స్లొవాన్, 1919లో పుట్టింది, దేశంలో అన్నిటికన్నా పెద్ద పేరు. కుడి గట్టున ఉన్నది ఇంకా పాతది, మూలాలు 1898 దాకా వెళ్తాయి, అప్పుడు ఆ ఊరు హంగరీ రాజ్యంలో ఉండేది, క్లబ్ పేరు కూడా హంగేరియన్‌లోనే ఉండేది. తర్వాత ఏ కాలానికి ఆ పేరు. కమ్యూనిస్టుల టైమ్‌లో ఫ్యాక్టరీ ఏదైతే క్లబ్ ఆ పేరే, కొన్నాళ్ళు కొవొస్మల్ట్, కొన్నాళ్ళు భారీ ఇంజనీరింగ్ కంపెనీ జెడ్‌టీఎస్. కమ్యూనిజం పోయాక 90ల్లో ఫ్యాక్టరీ పోయి స్పాన్సర్ వచ్చాడు, పేరు ఆర్ట్‌మీడియా అయింది. పేరు మారిన ప్రతిసారీ అర్థం ఒకటే, ఇప్పుడు జీతాలు ఇస్తున్నది ఎవరు అని.

స్లొవాన్ సంగతి వేరు. దానికి చరిత్రే ఆస్తి. 1968 ఆగస్టులో సోవియట్ ట్యాంకులు చెకోస్లొవేకియాలోకి వచ్చాయి కదా, దాంతో యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ ఆ సీజన్ డ్రా మార్చేసి తూర్పు, పడమర క్లబ్‌లని మొదట్లో వేరువేరుగా పెట్టింది, దానికి కోపమొచ్చి సోవియట్ బ్లాక్ క్లబ్‌లు చాలా తప్పుకున్నాయి. స్లొవాన్ ఆడింది. దేశాల కప్పులు గెలిచిన క్లబ్‌లు ఆడే కప్ విన్నర్స్ కప్‌లో పోర్టో, టొరినో, స్కాట్లాండ్ నుంచి డన్‌ఫర్మ్‌లిన్, అందర్నీ దాటుకుంటూ 1969 మే 21న స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో బార్సిలోనాతో ఫైనల్‌కి దిగింది. రెండో నిమిషంలోనే స్వెట్లర్ గోల్, తర్వాత హ్రివ్నాక్, చాప్కొవిచ్, ఫస్టాఫ్‌కే 3-1, చివరికి 3-2తో కప్పు. దానికి నెల రోజుల ముందే ప్రాగ్‌లో దేశ కమ్యూనిస్టు పార్టీ నాయకుడు దుబ్చెక్‌ని పదవి నుంచి దింపేశారు. మొత్తం చెకోస్లొవేకియా చరిత్రలో యూఈఎఫ్ఏ టోర్నీ ఏదైనా గెలిచిన క్లబ్ ఇదొక్కటే. 1976లో యూరో కప్ గెలిచిన చెకోస్లొవేకియా టీమ్‌లో కూడా కెప్టెన్ ఒన్‌ద్రుష్‌తో మొదలుపెట్టి బోలెడుమంది స్లొవాన్ వాళ్ళే. అలాంటి క్లబ్‌కి నది అవతల ఫ్యాక్టరీ టీమ్ ఒక లెక్కా.

కానీ 2004లో స్లొవాన్ రెండో లీగుకి పడిపోయింది. నిజంగానే. 90ల్లో చెకోస్లొవేకియా రెండు దేశాలుగా విడిపోయాక పాత ప్రభుత్వ సొమ్ము ఆగిపోయింది, మంచి ప్లేయర్లని అమ్ముకుంటూ బతికారు, 1993లో పీటర్ దుబోవ్‌స్కీని ఏకంగా రియల్ మాడ్రిడ్‌కి అమ్మారు, అయినా ఆగలేదు, మెల్లగా కిందకి జారి జారి చివరికి రెలిగేట్ అయిపోయింది, 2006 దాకా పైకి రాలేదు. సరిగ్గా ఆ రెండేళ్ళలోనే కుడి గట్టు వెలిగింది. 2004లో ఆర్ట్‌మీడియా స్లొవాక్ కప్ గెలిచింది, 2005లో మొదటిసారి లీగ్ టైటిల్. కోచ్ వ్లాదిమీర్ వైస్.

ఈ వైస్ కుటుంబం గురించి ఒక మాట చెప్పాలి. మన దగ్గర తాత పేరు మనవడికి పెడతారు, వాళ్ళింట్లో తాత, కొడుకు, మనవడు ముగ్గురికీ వ్లాదిమీర్ వైస్ అనే పేరు, ముగ్గురూ దేశం తరఫున ఆడినవాళ్ళే. తాత 1964 టోక్యో ఒలింపిక్స్‌లో సిల్వర్ తెచ్చాడు, పాపం హంగరీతో ఫైనల్లో సెల్ఫ్ గోల్ పడింది కూడా ఆయనదే. కొడుకు 1990 వరల్డ్ కప్ ఆడాడు, ఆర్ట్‌మీడియా కోచ్ ఈయనే. మనవడు మాంచెస్టర్ సిటీ దాకా వెళ్ళొచ్చాడు.

ఇక 2005 వేసవి. ఆర్ట్‌మీడియా ఛాంపియన్స్ లీగ్ కథ మొదటి రౌండ్‌లోనే ముగిసిపోవాల్సింది. కజకిస్తాన్ క్లబ్ కైరాట్ అల్మాటి మీద అక్కడికెళ్ళి 0-2తో ఓడొచ్చారు. ఇంట్లో ఎక్స్‌ట్రా టైమ్ దాకా లాగి 4-1తో గెలిచి ఎలాగో బయటపడ్డారు. తర్వాత స్కాట్లాండ్ క్లబ్ సెల్టిక్. రెండేళ్ళ కిందటే, 2003లో, యూఈఎఫ్ఏ కప్ (ఛాంపియన్స్ లీగ్ తర్వాతి స్థాయి టోర్నీ) ఫైనల్ ఆడిన టీమ్ అది, కొత్త మేనేజర్ గోర్డన్ స్ట్రాకన్‌కి అదే మొదటి అఫీషియల్ మ్యాచ్. జులై 27న మ్యాచ్ పెట్టింది స్లొవాన్ వాళ్ళ స్టేడియం తెహెల్నె పొలెలో, ఎందుకంటే పెటర్జల్కాలో నది పక్కన ఉన్న సొంత గ్రౌండ్ ఆ స్థాయికి సరిపోదు. తెహెల్నె పొలె అంటే ఇటుకల మైదానం అని అర్థం, ఒకప్పుడు అక్కడ ఇటుక బట్టీలుండేవి. హాఫ్‌టైమ్‌కి కాస్త ముందు యురాయ్ హలేనార్ ఒక గోల్ కొట్టాడు, అక్కడిదాకా మామూలు మ్యాచే. సెకండాఫ్‌లో సెల్టిక్ కుప్పకూలిపోయింది, వష్చాక్ ఒకటి, హలేనార్ ఇంకోటి, మికులిచ్ ఒకటి, ఆఖరి నిమిషాల్లో హలేనార్ హ్యాట్రిక్. 5-0.

వారం తర్వాత గ్లాస్గోలో సెల్టిక్ ఆ ఐదూ దాదాపు తిరిగి ఇచ్చేసింది. ఫస్టాఫ్‌లో రెండు, సెకండాఫ్ మొదట్లో ఒకటి, ఆట చివర్లో నాలుగోది. ఇంకొక్క గోల్ పడుంటే రెండు మ్యాచ్‌లూ కలిపి 5-5, ఎక్స్‌ట్రా టైమ్, వేలమంది అరుస్తున్న స్టేడియంలో కాళ్ళు లాగేసిన టీమ్‌తో అదేమయ్యేదో ఊహించుకోవచ్చు. పడలేదు. 5-4. ఆ తర్వాత పార్టిజాన్ బెల్‌గ్రేడ్‌తో రెండు మ్యాచ్‌లూ 0-0, పెనాల్టీల్లో గెలిచి గ్రూప్‌లోకి వచ్చేశారు. ఇక్కడ అదృష్టం లేదని ఎవరన్నా అంటే అది అబద్ధం. కైరాట్ దగ్గర ఒకసారి, గ్లాస్గోలో ఒకసారి, బెల్‌గ్రేడ్ వాళ్ళతో ఒకసారి, మూడుసార్లు వెంట్రుకవాసిలో తప్పించుకున్నారు. కానీ అదృష్టం ఎంత ఉన్నా సెల్టిక్ మీద ఐదు గోల్స్ మాత్రం దానంతటదే పడదు కదా.

గ్రూప్‌లో ఇంటర్ మిలాన్, పోర్టో, గ్లాస్గో రేంజర్స్. మొదటి మ్యాచ్ ఇంటర్ మీద 0-1 ఓటమి, పరువుగానే ఓడారు. రెండోది సెప్టెంబర్ 28న పోర్టోలో. పోర్టో అంటే ఏడాదిన్నర కిందట ఇదే కప్పు గెలిచిన క్లబ్. లూచో గొంజాలెజ్ ఒకటి, డియెగో ఒకటి, హాఫ్‌టైమ్ దగ్గరపడేసరికి 2-0. ఇలాంటి మ్యాచ్‌లు ఎలా ముగుస్తాయో అందరికీ తెలుసు, నాలుగో ఐదో వేసుకుని పంపిస్తారు. కానీ సరిగ్గా హాఫ్‌టైమ్ ముందు పెత్రాష్ ఒక గోల్ తిరిగి కొట్టాడు, అక్కడ మ్యాచ్ రంగు మారింది, ఎందుకంటే 2-0తో డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్ళడానికీ 2-1తో వెళ్ళడానికీ చాలా తేడా. బ్రేక్ అయ్యాక పది నిమిషాల్లోపే కొజాక్ సమం చేశాడు, 74వ నిమిషంలో బొర్బేయి మూడోది. 3-2. విచిత్రం ఏంటంటే 2003 యూఈఎఫ్ఏ కప్ ఫైనల్ ఆడింది సెల్టిక్, పోర్టో. ఆ రెండు ఫైనలిస్టుల్నీ ఈ కాలనీ టీమ్ రెండు నెలల తేడాలో కొట్టేసింది.

మిగతావి త్వరగా చెప్పుకోవచ్చు. రేంజర్స్‌తో గ్లాస్గోలో 0-0, ఇంట్లో 2-2, మిలాన్‌లో ఇంటర్ చేతిలో 0-4, చివర్లో పోర్టోతో ఇంట్లో 0-0. మొత్తం 6 పాయింట్లు, రేంజర్స్‌కి 7, అంటే ఒక్క పాయింట్ తేడాతో నాకౌట్ పోయింది. గ్రూప్‌లో మూడో స్థానం కాబట్టి యూఈఎఫ్ఏ కప్‌కి దిగారు, అక్కడ బల్గేరియా క్లబ్ లెవ్‌స్కీ సోఫియా ఇంటికి పంపించింది.

అసలు ఎందుకు కుదిరింది? టీమ్ మొత్తం ఎక్కువగా లోకల్ కుర్రాళ్ళు, కలిసి ఆడుతున్నది ఒక సీజన్‌గా కాదు, వైస్ వాళ్ళని అలవాటు పడేదాకా పరుగెత్తించాడు, పెద్ద క్లబ్ ఎదురైతే వెనక్కి తగ్గి పదిమందితో గోల్ ముందు కూర్చోవడం అనేది ఆయనకి నచ్చదు. ఎదుటివాళ్ళు ఈ పేరే విని ఉండరు, తక్కువ అంచనా వేశారు. ఇవన్నీ నిజమే, కానీ ఇంకో కారణం ఉంది, దాన్ని ఎక్కువమంది పట్టించుకోరు. అప్పటి క్వాలిఫయింగ్‌లో చిన్న దేశం ఛాంపియన్‌కి సెల్టిక్ లాంటి, సొంత లీగులో రెండో స్థానంలో వచ్చిన క్లబ్ కూడా ఎదురు రావచ్చు. తర్వాత 2009 నుంచి ఛాంపియన్లకి వేరే దారి పెట్టారు, చిన్న దేశాల ఛాంపియన్లు వాళ్ళలో వాళ్ళే ఆడుకుని లోపలికి వస్తారు. మంచిదే, కానీ దానివల్ల లోపలికొచ్చే టీమ్‌కి ఆ స్పీడ్ ముందే రుచి చూసే అవకాశం పోయింది. ఆర్ట్‌మీడియా గ్రూప్‌లోకి వచ్చేటప్పటికే సెల్టిక్ దెబ్బ తిని, సెల్టిక్‌ని దెబ్బ కొట్టి వచ్చింది. 2024లో స్లొవాన్ వచ్చిన దారి చూడండి, ఉత్తర మాసిడోనియా నుంచి స్ట్రుగా, స్లొవేనియా నుంచి సెల్యె, సైప్రస్ నుంచి అపోయెల్, చివర్లో డెన్మార్క్ మిత్యులన్. ఒక్క చివరిది వదిలేస్తే గట్టి పరీక్ష లేదు, అక్కణ్ణించి నేరుగా సెల్టిక్ పార్క్‌లో దిగారు.

సరే, ఆర్ట్‌మీడియా దగ్గరికి వద్దాం. చిన్న క్లబ్ పెద్ద వేదిక మీద కనిపిస్తే ఏం జరుగుతుంది, సంతకి పెట్టినట్టే. డిఫెండర్ యాన్ దురిత్సా రష్యా వెళ్ళాడు, బొర్బేయి జర్మనీ, కొజాక్ ఇంగ్లండ్‌లో వెస్ట్ బ్రామ్‌కి లోన్ మీద. వైస్ కూడా 2006లో రష్యాలో సాటర్న్ క్లబ్‌కి కోచ్‌గా వెళ్ళిపోయాడు. తర్వాత తిరిగొచ్చి 2008లో లీగ్, కప్ రెండూ గెలిపించాడు, అది చాలా పెద్ద విషయం, దాదాపు కొత్త టీమ్‌తో. ఆ వెంటనే నేషనల్ టీమ్ కోచ్ అయిపోయాడు, 2010 వరల్డ్ కప్‌లో ఇటలీని 3-2తో ఇంటికి పంపింది ఆయన టీమే. ఆయన లేని ఆర్ట్‌మీడియా 2008 ఆగస్టులో క్వాలిఫయింగ్‌లో యువెంటస్ చేతిలో 0-4, 1-1తో బయటికొచ్చింది. మళ్ళీ ఆ మెట్టు ఎక్కలేదు.

కానీ క్లబ్ పడిపోయింది ప్లేయర్లు వెళ్ళినందుకు కాదు. ప్లేయర్లు ప్రతి చిన్న క్లబ్‌లోనూ వెళ్తారు. పడిపోయింది డబ్బు నది దాటినందుకు. ఆర్ట్‌మీడియా వెనక ఉన్న మనిషి ఇవాన్ క్మోత్రిక్, గ్రాఫోబల్ అనే పెద్ద గ్రూప్ ఓనర్. ఆ దశకం చివరికొచ్చేసరికి ఆయన ఎడమ గట్టుకి మారిపోయాడు, స్లొవాన్‌ని చేతిలోకి తీసుకున్నాడు. వ్యాపారం లెక్కలో చూస్తే తప్పు పట్టడం కష్టం. పెటర్జల్కాలో టైటిల్ గెలిచినా చూడ్డానికి వచ్చేది తక్కువమంది, లక్షమంది ఉన్న కాలనీ అయినా వాళ్ళలో చాలామంది వేరే ఊళ్ళ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు, వాళ్ళ తండ్రుల క్లబ్‌లు ట్రనావాలోనో జిలినాలోనో ఉంటాయి. స్లొవాన్ రెండో లీగులో ఆడినా స్లొవాన్ స్లొవానే. అదే రూపాయి అక్కడ పెడితే పేరు వస్తుంది. కానీ కుడి గట్టున మిగిలినవాళ్ళకి ఆ లెక్క ఎలా అనిపించి ఉంటుందో చెప్పక్కర్లేదు. 2009లో పేరులోంచి ఆర్ట్‌మీడియా పోయి ఎంఎఫ్‌కే పెటర్జల్కా అయింది. ఆ సీజన్ చివర్లో, 2010లో, రెలిగేషన్. 2009లో లీగ్ టైటిల్ గెలిచింది ఎవరయ్యా అంటే స్లొవాన్.

తర్వాత పెటర్జల్కా ఇంకా కిందకి పోయింది, చిన్న లీగుల్లో తిరిగింది. నది ఒడ్డున పాత వంతెన పక్కన ఉండే గ్రౌండ్‌ని కూల్చేశారు. ఊరి నడిమధ్య, డాన్యూబ్ ఎదురుగా, అవతల పాత ఊరు కనిపించే చోట ఖాళీ స్థలం ఉంటే దాని విలువ ఎంత ఉంటుందో ఏ ఊరివాళ్ళకైనా తెలిసిందే, అక్కడ రెండో లీగు ఫుట్‌బాల్ నిలవడం కష్టం. కొన్నేళ్ళకి మళ్ళీ రెండో లీగు దాకా ఎక్కొచ్చారు, ఎఫ్‌సీ పెటర్జల్కా అని సాదా పేరుతో. ఇది ఒక్క పెటర్జల్కా కథ అయితే దురదృష్టం అని వదిలేయొచ్చు. కానీ అదే ఊళ్ళో మూడో క్లబ్ ఇంటర్ బ్రాటిస్లావా 2000, 2001 రెండేళ్ళూ లీగ్ గెలిచింది, 2009లో తన లైసెన్స్ సెనిత్సా అనే ఊరి క్లబ్‌కి ఇచ్చేసి టాప్ లీగ్ మ్యాప్ మీద నుంచి మాయమైపోయింది. కొషిత్సెకి 1997లో వెనక ఉన్నది వీఎస్‌జెడ్ స్టీల్ ఫ్యాక్టరీ సొమ్ము, ఫ్యాక్టరీ కష్టాల్లో పడ్డాక క్లబ్ కూడా పడింది. నూనె పోసే చెయ్యి ఒక్కటే అయినప్పుడు ఆ చెయ్యి పక్కింటి దీపం వైపు తిరిగితే ఇక్కడ చీకటే. టికెట్ డబ్బులు, టీవీ డబ్బులు కలిపినా అక్కడి క్లబ్ నడవదు, అందుకే ఒక్క ఓనర్ మనసు మారడం మీద ఇంత ఆధారపడి ఉంటుంది.

ఎడమ గట్టుకి వెళ్ళిన డబ్బు మాత్రం బాగానే పనిచేసింది. హలేనార్ కూడా స్లొవాన్‌కే వెళ్ళి అక్కడా గోల్స్ కొట్టాడు, 2018లో చిన్న వయసులోనే చనిపోయాడు. పోర్టోలో రెండో గోల్ కొట్టిన యాన్ కొజాక్ తర్వాత స్లొవాన్ కోచ్ అయి 2020లో టైటిల్ గెలిపించాడు, 1997లో కొషిత్సెని ఛాంపియన్స్ లీగ్‌కి తీసుకెళ్ళిన కోచ్ ఈయన తండ్రే, పేరు కూడా యాన్ కొజాకే (మళ్ళీ అదే అలవాటు). పాత తెహెల్నె పొలె కూల్చి అదే చోట దాదాపు 22,500 సీట్లతో కొత్త నేషనల్ స్టేడియం కట్టారు, 2019 మార్చి 3న ట్రనావా మీద 2-0తో స్లొవాన్ దాన్ని మొదలుపెట్టింది. ఆ 2019 నుంచి 2025 దాకా వరసగా ఏడు లీగ్ టైటిళ్ళు. 2021 నుంచి కోచ్ మళ్ళీ వ్లాదిమీర్ వైసే, టీమ్‌లో కొడుకు వ్లాదిమీర్ వైస్.

అలా 2024 వచ్చింది. కొత్త ఫార్మాట్, 36 టీమ్‌లు, ఒక్కో టీమ్‌కి ఎనిమిది మ్యాచ్‌లు, కేవలం లోపలికి వచ్చినందుకే క్లబ్‌కి 1.86 కోట్ల యూరోలు. మొదటి మ్యాచ్ సెప్టెంబర్ 18న గ్లాస్గోలో, ఎవరితో అంటే సెల్టిక్‌తో. 1-5. పందొమ్మిదేళ్ళ కిందటి ఐదూ తిరిగొచ్చాయి, కాకపోతే ఈసారి అదే కోచ్ కొట్టే బెంచి మీద కాదు, తినే బెంచి మీద ఉన్నాడు. తర్వాత మాంచెస్టర్ సిటీ 0-4, జిరోనా 0-2, డైనమో జాగ్రెబ్ 1-4, ఏసీ మిలాన్ 2-3, అట్లెటికో 1-3, స్టుట్‌గార్ట్ 1-3, బయెర్న్ 1-3. కొట్టింది 7, తిన్నది 27, 36లో 35వ స్థానం. మిలాన్ మ్యాచ్ ఒక్కటే దగ్గరగా వచ్చింది. ప్రతి ఏడూ సొంత లీగు గెలిచే టీమ్‌కి సొంత లీగులో భయపెట్టేవాడు లేకపోవడం కూడా ఒక జబ్బే, దేశంలో వారం వారం బాల్ వాళ్ళ కాళ్ళ దగ్గరే ఉంటుంది, ఛాంపియన్స్ లీగ్‌లో ఒక్కసారిగా బాల్ లేకుండా తొంభై నిమిషాలు పరుగెత్తాలి, అది ప్రాక్టీసులో రాదు. 2005 ఆర్ట్‌మీడియాకి అప్పటి లీగులో జిలినా లాంటి గట్టి పోటీ ఉండేది.

ఇంకో లెక్క ఉంది, స్లొవాన్ ఫ్యాన్స్‌కి చెప్తే నచ్చదు. ఆర్ట్‌మీడియా తెచ్చిన 6 పాయింట్లలో రెండు, అంటే రేంజర్స్‌తో 2-2, పోర్టోతో 0-0, తెహెల్నె పొలెలోనే వచ్చాయి. స్లొవాన్ గడ్డ మీద ఛాంపియన్స్ లీగ్ పాయింట్లు పడ్డాయి, పెటర్జల్కా వాళ్ళ ఖాతాలో. సొంతవాళ్ళు అదే గడ్డ మీద నాలుగు ఆడి నాలుగూ ఓడారు.

2025 వేసవిలో స్లొవాన్ మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి మూడో క్వాలిఫయింగ్ రౌండ్‌లో ఎదురొచ్చింది కైరాట్ అల్మాటి, ఇరవై ఏళ్ళ కిందట ఆర్ట్‌మీడియా ఎక్స్‌ట్రా టైమ్‌లో గట్టెక్కిన ఆ కైరాటే, మధ్యలో కొన్నేళ్ళు వైస్ అక్కడ కోచ్‌గా కూడా చేశాడు. ఈసారి పెనాల్టీల దాకా వెళ్ళింది, కైరాట్ గెలిచింది. తర్వాతి రౌండ్‌లో వాళ్ళు పెనాల్టీల్లోనే బయటికి పంపింది సెల్టిక్‌ని.